చెరిసగం మందు

సోమవారం పొద్దున, ఆ రోజే మొదలైన మాత్రల షీటు తిప్పి చూసిన కిరణ్మయికి ఒకేసారి నాలుగు ఖాళీలు కనబడ్డాయి. తండ్రికి రోజుకు ఒక్కటే. తన రెండేళ్ళ కూతురు చిన్ని మింగేసిందేమోనని ప్రాణం పోయినంత పనైంది. కానీ డబ్బా పై అరలో ఉంది, పాపకు అందదు.

తండ్రి శ్రీనివాసప్పకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకింది. రోజూ ఒక మాత్ర మేలా, వారానికి రెండు రోజులు నాలుగేసి వేసుకుంటే మెదడుకు బాగా చేరుతుందా అని ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. ఎవరికేదో చీటీ తీసినట్టు కంప్యూటరే తేల్చింది. ఆయనకు రోజుకొకటి వచ్చింది. ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైన గోపాలప్పకు నాలుగేసి. ఇద్దరిదీ చిక్కపేట బజారులో చీరల వ్యాపారమే.

కెమిస్ట్రీ చదివిన కిరణ్మయికి ఈ పరీక్ష మీద మొదట్నుంచీ అనుమానమే. సంతకాలకు ఇరవై పేజీలెందుకు? నర్సు సమీనా ఖాళీ షీట్లు కూడా అడిగి మరీ ఎందుకు తీసుకుంటుంది? డబ్బా మీద నంబరు చూసింది. పరీక్షలో నాన్న నంబరు పదిహేడు. దీని మీద ఇరవై రెండు. ఆసుపత్రివాళ్ళే మందు మార్చేశారనుకుంది. సమీనాను నిలదీద్దామని తండ్రిని ఆటో ఎక్కించింది.

ఆటో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దాటాక ఆయన అసలు సంగతి చెప్పాడు.

"ఆ పిల్ల తప్పేమీ లేదమ్మా. గోపాలప్పా నేనూ వారం వారం డబ్బాలు మార్చుకుంటాండాము. ఏది మేలో డాక్టర్లకే తెలీదంట. కొత్త సరుకు అమ్ముడుపోతాదో లేదో తెలీనప్పుడు పేటలో చీరల బేలు చెరిసగం పంచుకుంటాము. మునిగితే ఒక్కడే మునగడు."

నెల నుంచీనట. ఇప్పుడు స్కానులో ఏం కనబడినా ఏ పద్ధతి వల్లో ఎవరూ చెప్పలేరు.

"సమీనాకు చెప్పాలి నాయనా."

"చెప్తే మందు నిలిపేస్తారు."

ఆమె భయమూ అదే. అయినా ఆసుపత్రిలో ఆమే అంతా చెప్పింది. సమీనా ఆశ్చర్యపోలేదు. షీట్లు చూసి రెండు వారాలుగా తనకూ అనుమానంగానే ఉందంది. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. ఇద్దరినీ పరీక్షలోంచి తీసేశారని చెప్పింది. రక్తపరీక్ష బాగుంటే ఇద్దరికీ మామూలుగా రోజుకొకటి ఇస్తారట.

"అయితే మా తర్వాత వచ్చేటోళ్ళకి మా వల్ల ఏమీ తెలీదా?" అనడిగాడు శ్రీనివాసప్ప. సమీనా కాగితాలు సర్దుకుంది.

సాయంత్రం ఫోనులో గోపాలప్ప నవ్వుతున్నాడు. "ఇంక మార్చుకోడానికి ఏముండాదప్పా, ఇద్దరిదీ ఒకటే."

వారం తర్వాత కొత్త డబ్బా వచ్చింది. ఆయన అడక్కుండానే షీటు చూపించాడు. ఒక్కటే ఖాళీ. కిరణ్మయి తలూపి, ఆయన స్నానానికి వెళ్ళాక ఇంకో షీటు ఉందేమోనని చొక్కా జేబులు కూడా చూసింది.