నాగమ్మ మూర

కాడుగోడి రైల్వే స్టేషన్ రోడ్డులో నా టైలరింగ్ అంగడి గుమ్మం పక్కనే నాగమ్మ పూలబుట్ట ఉండేది. తొంభైల్లో కూడా ఆ రోడ్డున పూలమ్మేవాళ్ళకు కొదవలేదు. అయినా ఆడవాళ్ళు మిగతా బుట్టలన్నీ దాటుకొని మరీ ఈమె దగ్గరికే వచ్చేవాళ్ళు. కారణం ఆమె మూర. మాల కొసను కుడి మోచేతి దగ్గర ఆనించి, మధ్యవేలి చివరిదాకా సాగదీసి, ఆ పైన ఇంకో నాలుగు పూలు వదిలి తెంపేది. మా వీధిలో ఎవరైనా ధారాళంగా వడ్డిస్తే "నాగమ్మ మూర" అనడం అందరికీ అలవాటు.

నేను టేపు పట్టుకొని బతికేవాణ్ణి. "చెయ్యి కూడా ఒక కొలతేనా?" అని ఏడిపించేవాణ్ణి. "మీ టేపు పాతబడితే సాగుతుంది రామాంజన్నా, నా చెయ్యి సాగేదీ లేదు, తగ్గేదీ లేదు" అనేది.

ఆ చెయ్యే కాలింది. ఒకనాడు వంట చేస్తుంటే పంపు స్టవ్ భగ్గుమంది. పక్కనే పసిబిడ్డ నిద్రపోతోంది. నాగమ్మ ఆ మంటల స్టవ్‌ను కుడిచేత్తో ఎత్తి వాకిట్లోకి విసిరేసింది. బిడ్డకు ఈగ వాలినంత కూడా కాలేదు. తల్లికి మాత్రం అరచెయ్యీ, వేళ్ళ లోపలివైపూ కాలిపోయాయి. మొగుడు చిక్కమునియప్ప లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. అందుకని ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనూ, నా భార్య లక్ష్మీదేవీ.

తొడ మీది చర్మం పలచగా తీసి అరచేతికి అతికించారు. ఇంటికి పంపే రోజున డాక్టర్ అశోక్‌కుమార్ చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

"అతికించిన చర్మం ఊరికే ఉండదమ్మా. నెలల తరబడి మెల్లగా ముడుచుకుంటా పోతుంది. వేళ్ళను కూడా లోపలికి లాగేస్తుంది. ఈ పట్టీ కట్టి చేతిని చాపి పెట్టుకోవాల. నొప్పిగా ఉండాదని తీసెయ్యొద్దు."

పట్టీ అంటే అరచేతి ఆకారానికి వంచిన గట్టి ప్లాస్టిక్ ముక్క. నాగమ్మ దాన్ని తీసేసింది, కానీ నొప్పికి కాదు. గాయం మానీ మానగానే బుట్ట ముందు కూర్చుని పూలు కట్టడం మొదలుపెట్టింది.

"పని చేసే చెయ్యి యాడన్నా బిగుసుకుంటుందా అన్నా? పూలు కడతా ఉంటే వేళ్ళు ఆడతా ఉంటాయి. అదే మందు" అంది.

వినడానికి బాగానే ఉంది. కానీ పూలు కట్టేటప్పుడు వేళ్ళు ఎటు ఆడతాయి? నార పట్టుకోవాలన్నా, చుట్టాలన్నా, బిగించాలన్నా లోపలికే ముడుచుకోవాలి. చేతికి ఉండాల్సిన పట్టీ పూలమీద కప్పే తడిగోనె కింద పడి ఉండేది. నాకు ఒళ్ళు మండి చెడామడా తిట్టాను. నవ్వేసి ఊరుకుంది.

ఏడాది తిరిగేసరికి, ఒక శుక్రవారం పొద్దున సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. ఆ రోడ్డులోనే పాత ఇల్లు, నాగమ్మకు ఎప్పటినుంచో వాడుక. చేతిలో ముందురోజు కొన్న కనకాంబరం మాల ఉంది.

"ఏమే నాగమ్మా, మా పూజగదిలో లచ్చిందేవి పటానికి ఈ మేకు నుంచి ఆ మేకుకు నీ మూర సరిగ్గా సరిపోతా ఉండె. ఇప్పుడు చాలడం లేదే. నువ్వు కూడా మూర కొయ్యడం నేర్చుకుంటివా?"

నాగమ్మ ముఖం ఎర్రబడింది. "నా చెయ్యి అబద్ధమాడదక్కా" అని రెండు మోచేతులూ పక్కపక్కనే బుట్ట ముందరి చెక్క మీద ఆనించి చాపింది. ఎడమచేతి వేళ్ళు చాచినంత మేరా పోయాయి. కుడిచేతి వేళ్ళు సగంలోనే కొక్కేల్లా వంగి ఆగిపోయాయి. ఎడమచేత్తో పట్టి లాగింది. రాలేదు. సుబ్బలక్ష్మమ్మ మాల అక్కడే పెట్టి తలవంచుకొని వెళ్ళిపోయింది.

"ఎడమచేత్తో కొలువు" అన్నాను నేను.

"దేవుని పూలు ఎడమచేత్తోనా అన్నా? ఎవురు తీసుకుంటారు?"

నిజమే, ఎవరూ తీసుకోరు. టేపు ఇస్తానన్నాను.

"అది మీ కొలత. నన్ను నమ్మి వచ్చేటోళ్ళకు నా మూరే గదా ఇయ్యాల" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. మంట పట్టుకున్న రోజున కూడా నాగమ్మ అలా ఏడవలేదు.

మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ వేళ్ళను ఒక్కొక్కటే పట్టి చాపి చూశారు. ముడుచుకున్న చోట కోసి, వేళ్ళు తెరిచి, మళ్ళీ కొత్త చర్మం వెయ్యాలన్నారు. "ఈసారి అది నిలదొక్కుకునేదాకా పూలు ముట్టొద్దు. మళ్ళీ ముడుచుకుంటే ఇక నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

ముందు శ్రావణం ఉంది, ఆ వెనకే గణేశుని పండగ, దసరా. ఏడాది సంపాదనంతా ఆ నెలల్లోనే. నాగమ్మ సరేనంది.

ఆ పండగలన్నీ బుట్ట దగ్గరే కూర్చుంది, కుడిచెయ్యి పట్టీలో చాపి ఒళ్ళో పెట్టుకొని. పూలు కట్టింది, కొలిచింది లక్ష్మీదేవి. నా భార్య చెయ్యి పొట్టి. జనం సణిగారు, కొందరు వేరే బుట్టలకు పోయారు. నాగమ్మ ఎడమచేతి వేళ్ళు మాత్రం కొంగు దారాలను చుట్టుకుంటూ, ముడి వేసుకుంటూ ఉండేవి. నేను కత్తిరింపు ఆపి అటు చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి.

డాక్టర్ పట్టీ విప్పమన్న మర్నాడు నాగమ్మ మొదటి మాల పట్టుకొని నేరుగా సుబ్బలక్ష్మమ్మను పిలిచింది. ఆమె కళ్ళెదుటే కొలిచింది. వేళ్ళు తెరుచుకున్నాయి. మధ్యవేలి కొస ఒక్కటే కాస్త వంగి ఉంది, అది ఇక రాదని డాక్టర్ ముందే చెప్పారు. నాగమ్మ ఆ వేలు దాటి కొలిచి, ఇంకా వదిలి, ఇంకా వదులుతూ పోయింది.

"చాలమ్మా" అంది సుబ్బలక్ష్మమ్మ. "ఒక మూరేగదా అడిగింది. రెండు మేకులూ దాటి కిందికి వేలాడతాది."

"వేలాడనీ అక్కా" అంది నాగమ్మ. "ఏడాది పొడుగునా నాకు తెలీకుండానే మీ పటానికి తక్కువ కొలిస్తిని. అదంతా యాడికి పోయిందనుకుంటిరి? నా చేతిలోనే ముడుచుకొని ఉండె."