అర ఊపిరి ఆలస్యం

మా చర్చి పెద్ద డీకన్ హోసియా పెట్టిగ్రూకి గిటార్ వాయించడం రాదు. ఆ ముక్క ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఆయన మాటలు విన్నవాళ్ళెవరూ దాన్ని నమ్మరు. మెంఫిస్‌లో, మా ఆరెంజ్ మౌండ్ పేటలో ఆయనకు బూట్లు బాగుచేసే కొట్టు ఉండేది. కొట్టు గోడకు ఒక గిటార్ వేలాడుతుండేది. దాని పట్టీ కోసి ఎవరి చేతిసంచికో కుట్టేశాడు. తీగలు ఎప్పుడో తుప్పుపట్టాయి. ఆ గిటార్ కింద ముక్కాలిపీట వేసుకుని, నోటినిండా మేకులు పెట్టుకుని, ఊళ్ళో గిటార్ పట్టిన ప్రతివాడికీ మార్కులు వేస్తుండేవాడు. పాస్ అయినవాడు ఒక్కడూ లేడు.

మిగతా గోడంతా ఫోటోలే. నడిమధ్య సిస్టర్ రోసెట్టా థార్ప్. "చర్చిలో కరెంటు గిటార్ మోగించింది, అదే గిటార్ పట్టుకుని క్లబ్బులకూ వెళ్ళింది. తిట్టినవాళ్ళు కూడా కాలు ఆడించకుండా ఉండలేకపోయారు" అనేవాడు, తనే దగ్గరుండి తీసుకెళ్ళినట్టు. ఆమె పక్కన వెస్ మాంట్‌గమరీ. జాజ్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకు తన బొటనవేలు ఎత్తి చూపించేవాడు, వెస్ మీటేది బొటనవేలితోనే కాబట్టి. ఆ వేలికి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేది. ఆ పైన బీబీ కింగ్. "ఒక్క స్వరాన్ని పట్టుకుని వణికించాడంటే, నిమిషానికి వెయ్యి స్వరాలు వాయించేవాడు సిగ్గుతో చావాలి." కింద ఎలిజబెత్ కాటెన్. ఎడమచేతివాటం కాబట్టి గిటార్‌ను తిరగేసి పట్టుకుంది, పరాయి ఇళ్ళలో పనిచేసి అరవై దాటాక వేదికెక్కింది. జిమీ హెండ్రిక్స్ ఫోటో మాత్రం తలుపు వెనక ఉండేది. పాస్టర్ గారు బూట్ల కోసం వచ్చినప్పుడల్లా, గాలి ఆడటం లేదని చెప్పి తలుపు బార్లా తెరిచి ఆ ఫోటోను చాటు చేసేవాడు.

ఇక నా సంగతి. నేను ఇమోజీన్ క్రాఫర్డ్‌ని. వారమంతా బడి వంటశాలలో గరిటె తిప్పుతాను, ఆదివారం గ్రేటర్ గిల్గాల్ చర్చిలో గిటార్ వాయిస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే నా బతుకు. పిల్లలు నా బీన్స్‌ను తిట్టుకుంటూ తినేవాళ్ళు. హోసియా నా గిటార్‌ను తిట్టుకుంటూ వినేవాడు. మూడో వరుసలో నడవ పక్కన ఆయన చోటు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, నేను రాగానే చేతిగడియారం మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. ఆ రెండు దెబ్బలకే నాకు ఒళ్ళు మండిపోయేది.

మా చర్చిలో గిటార్ ముందు నడవదు. మేము తల్లులని పిలిచే పెద్దావిడలు గొంతులోనే ఒక వరుస రాగం తీసి ఆపుతారు. దానికి గిటార్ వెంటనే జవాబు చెప్పాలి. నేను అర ఊపిరి ఆలస్యంగా చెబుతాను. ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. చెయ్యి ఆగుతుంది, అంతే. పాస్టర్ గారికి పట్టలేదు, తల్లులకు పట్టలేదు, తాళం అన్న మాటకు తానే తండ్రినని అనుకునే ఆ చెప్పుల మేస్త్రికి మాత్రం పట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆయన నోట ఒక్క మాట వినాలని ఉండేది. బాగుంది అని. మిగతా వాళ్ళు వందసార్లు అన్నారు. వాళ్ళ గోడల మీద రోసెట్టా థార్ప్ లేదుగా!

ఏప్రిల్‌లో బూట్లు తీసుకుని కొట్టుకు వెళ్ళాను. అప్పటికే మనిషి సగమయ్యాడు, చొక్కా కాలరులో ఇద్దరు పట్టేలా ఉంది.

"ఏమ్మా ఇమోజీన్, నీ కుడి మడమ చూసుకున్నావా? వెనకమాత్రమే అరిగింది. జనమంతా కాలెత్తాక తీరిగ్గా నువ్వు దించుతున్నావన్నమాట."

"బూటు బాగుచెయ్యమని ఇచ్చాను డీకన్ గారూ, జాతకం చెప్పమని కాదు."

"ఆ గోడమీద వాళ్ళలో ఒక్కళ్ళ మడమైనా ఇలా ఉంటుందంటావా?"

"వాళ్ళ బూట్లు మీరెప్పుడు చూశారేంటి?"

ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు నేను. "కాటెన్ గారు అరవై దాటాకే వేదికెక్కారట. నాకు యాభై తొమ్మిది. మీ గోడమీద చోటుందా?" అని అడిగేశాను.

గోడంతా ఒకసారి పరకాయించి చూశాడు. "చోటుంది. మేకే లేదు" అన్నాడు, నోటినిండా మేకులతో.

బూటు లాక్కుని లేచాను. వెనకనుంచి పిలిచాడు. "డాక్టరు వేసవి దాకా అన్నాడు. నా సాగనంపుడికి నువ్వే వాయించాలి."

"ఎందుకట? ఆలస్యంగా పోదామనా?"

"మిగతావాళ్ళెవరూ ఖాళీగా లేరు."

ఆ రోజునుంచి వంటింట్లో గోడగడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టిక్ అంటే తీగ మోగాలి. రాగం తీసి ఆపడం, టక్కున జవాబు చెప్పడం. రోజూ గంటసేపు, చివర్లో రెండు గంటలు. బతికుండగా ఒప్పుకోలేదు సరే, పెట్టెలో పడుకున్నాకైనా వంక పెట్టడానికి సందివ్వకూడదని నా పంతం. జూన్‌లో హోసియా పోయాడు. అప్పటికి నేను గడియారంకన్నా నయంగా తయారయ్యాను.

మాలో పోయినవాళ్ళ జీవిత విశేషాలను అయినవాళ్ళు రాసి, అచ్చువేయించి, అంత్యక్రియల్లో పంచుతారు. వాటిని పైకి చదవరు. 'మౌనంగా చదువుకోండి, మృదువైన సంగీతం' అని కార్యక్రమంలో వేస్తారు. అందరూ తలలు వంచి చదువుకుంటుంటే తల్లులు రాగం తీస్తారు, గిటార్ జవాబిస్తుంది. హోసియా ఎవరినీ నమ్మే రకం కాదు కాబట్టి తన విశేషాలు తనే రాసిపెట్టుకున్నాడు. ఆయన చెల్లెలు ఒటీలియా తెల్ల చేతితొడుగులు వేసుకుని ఆ కాగితాలు పంచింది. నాకు మాత్రం ఇవ్వలేదు. "నీకెందుకు, నీ చేతులు ఖాళీ ఉండవుగా" అంటూ దాటిపోయింది.

తల్లులు మొదటి వరుస ఆపారు. టక్కున అందుకున్నాను, వెంట్రుకవాసి తేడా లేదు. రెండో వరుస కూడా అంతే. జనం చేతుల్లో ఊగుతున్న అట్ట విసనకర్రలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు వరుసలో, తల్లుల్లో ఒకరైన మదర్ బ్లెడ్సో కాగితం మీంచి తలెత్తి నన్ను చూసింది. తర్వాత ఆవిడ పక్కావిడ, ఆ తర్వాత వరుసంతా. నా తాళం చూసి ముక్కున వేలేసుకుంటున్నారని మురిసిపోయాను. పెట్టెలో హోసియా చేతికి గడియారం అలాగే ఉంది. తట్టు చూద్దాం ఇప్పుడు అనుకున్నాను.

శ్మశానం నుంచి వచ్చాక చర్చి కింది హాల్లో భోజనాలు. వేయించిన చికెన్, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాను. ఒటీలియా వచ్చి పక్కన కూలబడి ఒక కాగితం నా ముందుకు తోసింది. "నీకు ఇవ్వొద్దన్నాడు. పూడ్చేశాంగా, ఇంక నామీద ఎవరరుస్తారు? చదువు" అంది.

పుట్టిన ఊరు, బాప్తిస్మం, భార్య ఎర్నెస్టీన్, బూట్లు. తర్వాత గోడమీద వాళ్ళందరి పేర్లూ వరసగా ఉన్నాయి, తలుపు వెనకాయనతో సహా. ఆ తర్వాత ఇది:

'మీరు ఇది చదువుతున్నప్పుడు సిస్టర్ ఇమోజీన్ వాయిస్తూ ఉంటుంది. ఆమె రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. పైన చెప్పిన గొప్పవాళ్ళెవరి దగ్గరా నేను విననిది ఈమె దగ్గర విన్నాను. తల్లులు ఆపాక అర ఊపిరి ఆగుతుంది. మన ఏడుపు అయిందో లేదో చూసి అప్పుడు జవాబిస్తుంది. ఎర్నెస్టీన్‌ను సాగనంపిన రోజు నేను ఆ అర ఊపిరిలోనే ఏడ్చాను, ఎవరికీ వినబడలేదు. మెచ్చుకుంటే దాని గురించి ఆలోచించి పాడుచేసుకుంటుంది. తిడితే మొండికేసి అలాగే వాయిస్తుంది. అందుకే ఇన్నేళ్ళూ గడియారం తట్టాను. ఇప్పుడు చదవడం ఆపి, ఆమె ఆగే చోటు వినండి.'

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

"అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారే ఇమోజీన్! నువ్వు ఎక్కడా ఆగలేదు" అంది ఒటీలియా. "ఇమోజీన్‌కు ఇంటిదగ్గర ఏమైనా తొందర పనుందా అని మదర్ బ్లెడ్సో నన్ను అడిగింది."

"రెండు నెలలు గడియారం ముందు కూర్చుని నేర్చుకున్నాను. మీ అన్నయ్య కోసమే" అన్నాను.

ఒటీలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ తొడుగు వెనక తెలియలేదు. నాకు మాత్రం ఆ మనిషిని పెట్టెలోంచి లేపి దులిపెయ్యాలనిపించింది. నోట్లో మేకులు తీసి ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయింది హోసియా? నువ్వు ఏడవడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆగాను. ఇవాళ నీకోసం ఏడుద్దామని వచ్చినవాళ్ళకు అర ఊపిరి కూడా ఇవ్వలేదు.