‘తెలియదు’ అనే గడి

యానాం నుంచి పుదుచ్చేరికి అర్థశాస్త్రం ఎం.ఏ. చదవడానికి వచ్చిన ఏడాది, సెలవుల్లో ఒక సర్వే సంస్థలో పనికి కుదిరాను. రేషన్ బియ్యానికి బదులు ప్రభుత్వం బ్యాంకులో డబ్బు వేయడం గురించి జనం ఏమనుకుంటున్నారో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. తెలుగు వచ్చు కదా అని ఒర్లియంపేటలో తెలుగువాళ్ల ఇళ్లు నాకు అప్పగించారు.

డబ్బే మేలని నేను అప్పటికే పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పేదవాడికి నచ్చింది కొనుక్కునే స్వేచ్ఛ ఉంటుందని రాశాను.

అక్కడ ఒకావిడ ఇంటి ముందే ఇడ్లీలు అమ్మేది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగే అయినా చదవడం రాదు. పొద్దుటి బేరం అయ్యాక నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"డబ్బు వద్దని నేను చెప్పలే పాపా. పోయిన తూరి పడిన దుడ్డు మా ఆయన బ్యాంకు కార్డు ఎత్తుకొని పోయి తాగేసినాడు. బియ్యం మూటని సారాయి అంగడిలో ఎవురు తీసుకుంటారు? రేషన్ అంగడి మూసినాక బయట బియ్యం రేటు పైపైకి ఏరిపోయింది. వాళ్లిచ్చే డబ్బు మాత్రం అట్నే ఉండాది. పక్కింటి ముసలామెకి డబ్బే మేలు, మూట మోసే సత్తువ లేదు ఆమెకి. ఎవురికి ఏంది కావాల్నో వాళ్లని అడగాల గదా?"

తరగతిలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఫారంలో ఉన్నవి మాత్రం మూడే గడులు: మంచిది, చెడ్డది, తెలియదు. ఆమె మాటలన్నీ కాగితం అంచుల్లో ఇరికించి రాసుకొచ్చాను.

సూపర్‌వైజరు చూసి విసుక్కున్నాడు. "ఏంటమ్మా ఈ కథంతా? మంచిదో చెడ్డదో తేల్చలేదంటే తెలియదనే లెక్క."

"ఆవిడకి తెలుసండి."

"టిక్కు పెట్టు."

పెట్టాను. అతని మీద ఎంత కోపమో, పెట్టిన నా చేతి మీద అంతకంటే ఎక్కువ.

నెల తర్వాత మా సర్వే నివేదిక మీద ఒక హోటల్లో సభ జరిగింది. పేద మహిళలకు ఈ పథకంపై అవగాహన లేదని తెర మీద చూపించారు. అవగాహన శిబిరాలు పెట్టాలన్నాడు నివేదిక చదివినాయన. ఒళ్లు మండిపోయి లేచాను. ఆ ఇడ్లీలావిడ చెప్పిందంతా చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఒక్క ఇంటి మాటతో విధానాలు తయారుకావమ్మా."

మీ మాట మీరు ఎన్ని ఇళ్లు తిరిగితే వచ్చిందండీ అని అడగబోయాను. మైకు తీసేసుకున్నారు.

మర్నాడే ఆవిడ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను.

"తెలీదని రాసినావా?" అంది, ఇడ్లీ రేకులు కిందపెట్టి. "మరి గంటసేపు పని మానిపించి నన్నెందుకు అడిగినావు?"

జవాబు కోసం చూడకుండానే ఆవిడ రేకులు తీసుకుని కడగడానికి వెళ్లిపోయింది.