సుంకప్ప బట్ట మీద పొట్టి కర్ర

హిందూపురంలో నా పూల్ పార్లర్‌లో ఉన్నవి రెండే టేబుళ్లు. కర్రతో బంతులు పొడిచి గుంటల్లో వేసే ఆ టేబుళ్లకు పచ్చబట్ట బిగించేది ధర్మవరం సుంకప్ప. ఇరవై ఏళ్లు పట్టుచీరలు నేసి, మోకాళ్ల నొప్పులతో మగ్గం గుంతలో కూర్చోలేక ఈ పనిలోకి వచ్చాడు. పెనుకొండ దాకా ఎవరి టేబుల్ చిరిగినా ఆయనకే ఫోను. బట్ట మీద ఎవడైనా టీ గ్లాసు పెట్టాడా, వాడి పని అయిపోయినట్టే. ఇంత చేసీ, పద్నాలుగేళ్లలో ఒక్కసారీ కర్ర పట్టి ఆడింది లేదు.

మా పార్లర్‌లో ఏటా పెట్టే పోటీకి ఈ ఏడాది పెనుకొండ నుంచి చందన అనే అమ్మాయి జంప్ క్యూ తెచ్చుకుంది. అదొక పొట్టి కర్ర. దారికి వేరే బంతి అడ్డముంటే, దీంతో పైనుంచి పొడిస్తే తెల్లబంతి దాని మీదుగా ఎగిరి అవతల పడుతుంది. పోయిన ఏడాది గెలిచిన మహేష్ ఒప్పుకోలేదు. అందరూ ఒకే కర్రతో ఆడాలి, ఎగిరించడానికి ఇంకో కర్ర ఏంటని పట్టుబట్టాడు. నాకూ దాన్ని చూస్తే ఒళ్లు మండింది. కొత్త బట్ట వేయించి వారం కూడా కాలేదు మరి. చందనేమో ఆరు నెలలుగా దాంతోనే సాధన చేశానని, వద్దంటే ఇప్పుడే బస్సెక్కుతానని కూర్చుంది. ఎటూ తేలక, సుంకప్ప ఏదంటే అదే అన్నాను. కచ్చితంగా వద్దంటాడని నా ధీమా.

ఒకసారి కొట్టి చూపించమన్నాడు సుంకప్ప. బంతి ఎగిరింది. చీరలో తెగిన పోగును వెతికే వేళ్లతో ఆయన బట్టంతా తడిమాడు.

"యాడా గీత పడలేదప్పా," అన్నాడు నాతో. తర్వాత మహేష్ వైపు తిరిగాడు. "మగ్గం కాడ ఒగే పనిముట్టుతో చీర నేసినానా నేను? ఆడనీ ఆ పాపను."

ఫైనల్లో చందన మహేష్ చేతిలోనే ఓడింది. రెండు బంతులు చక్కగా ఎగిరించింది, మూడోది పోయి నేల మీద పడింది. అయినా సంతోషంగానే ఉంది. జనం వెళ్లాక సుంకప్ప మొహమాటపడుతూ ఆ అమ్మాయి ముందు చెయ్యి చాపాడు.

"ఒగసారి నాకియ్యి పాపా."

గట్టిగా పొడిచాడు. బంతి ఎగరలేదు, బట్టకు గోరంత చిరుగు పడింది. ఇంకెవరైనా ఆ పని చేసుంటే సుంకప్ప బతకనిచ్చేవాడు కాదు. ఇప్పుడు మాత్రం ఆ చిరుగును వేలితో తడిమి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. వెంటనే బాగుచెయ్యమని కసిరాను.

"అతుకేస్తాలేప్పా. ముందు ఇది ఎగరనీ," అంటూ తెల్లబంతిని మళ్లీ పెట్టుకున్నాడు.