నాన్న ట్రాంబోన్ తడబడిన చోట

ఆదివారం మధ్యాహ్నం లూషియస్ గ్రీర్ కోసం వెళ్ళి ఆయన ఇంటి తలుపు తట్టేంత అమాయకుడు మా కాన్సస్ సిటీ తూర్పు పేటలో ఉండడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆ వేళకి ఆయన పార్కు బేస్‌బాల్ మైదానంలో, మూడో బేస్ వెనకనున్న చెక్కగదిలో, ఒక మైకూ ఒక రికార్డు ప్లేయరూ ఒక గ్లాసు బీరూ ముందు పెట్టుకుని రాజాలా కూర్చునుంటాడు. ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సుల కింద పడుకుని ఒంటికి గ్రీజు పూసుకున్న మనిషి. రిటైరైన మరుసటి ఆదివారమే ఆ గదిలో దూరాడు. పదకొండేళ్ళయినా ఇంకా బయటికి రాలేదని వాళ్ళ అక్క దెప్పుతుంటుంది.

పేట బేస్‌బాల్ జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. పెట్టినవాడెవడో గానీ వాళ్ళ ఆట చూసే పెట్టాడు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని ఆదివారం ఆడేవాళ్ళే అందరూ. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్; ముగ్గురు అవుటైతే చాలు, జట్లు చోట్లు మార్చుకోవాలి. ఇన్నింగ్స్ మధ్యలో జట్లు దిగుతూ ఎక్కుతూ ఉండే ఆ రెండు మూడు నిమిషాలూ లూషియస్‌వి. ఒక పాత జాజ్ రికార్డు వేస్తాడు. ముప్పైల్లో, నలభైల్లో వచ్చిన లక్క రికార్డులవి. కిందపడితే అప్పడం విరిగినట్టు విరుగుతాయి. ఇంట్లో నాలుగొందల పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఒక ఇరవై ఏరి, చెక్కపెట్టెలో నిలబెట్టి, చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెస్తాడు.

ఒక్క రికార్డు మాత్రం గడప దాటదు. దాని పేరు ‘ఐసుబండి గుర్రం’. అందులో సరిగ్గా సగం అయ్యాక ఒక ట్రాంబోన్, అంటే ముందుకీ వెనక్కీ జరిపి వాయించే ఇత్తడి బూర, మొదలవుతుంది. అర నిమిషం ఉంటుందేమో. అది వాయించింది ఎల్‌రాయ్ గ్రీర్, లూషియస్ వాళ్ళ నాన్న. పగలంతా మాంసం కంపెనీలో పనిచేసి, సాయంత్రాలు బ్యాండుల్లో వాయించిన మనిషి. జీవితంలో రికార్డింగుకి పిలిచింది ఆ ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ, పై స్వరానికి ఎక్కబోతూ ఊపిరి చాలక తడబడ్డాడు. స్వరం రెండుగా చీలి, జారి, మళ్ళీ తమాయించుకుంది. రెండోసారి తీయడానికి కంపెనీవాళ్ళకి తీరిక లేదు. ఆ తడబాటే అచ్చయి కూర్చుంది.

పాపం ఆయన, బతికున్నంతకాలం ఆ చోటు రాగానే గట్టిగా దగ్గేవాడు, ఎవరికీ వినపడకుండా. “ఇంకొక్కసారి వాయించే అవకాశమొస్తే సరిచేసేస్తానురా అబ్బాయ్,” అనేవాడు. ఆ అవకాశం రానేలేదు. ఆయన పోయి నలభై ఏళ్ళయినా లూషియస్‌కి ఆ దగ్గు అలవాటుగా మిగిలిపోయింది. ఇంకో కాపీ ఎక్కడైనా ఉందేమోనని వెతకని దుకాణం లేదు. ఉన్న ఆ ఒక్కదానికీ అంచున గోరంత పగులు. అందుకని ఏడాదికొక్కసారి, నాన్న పుట్టినరోజున, తలుపులేసుకుని, కొత్త ముల్లు బిగించి వింటాడు. మళ్ళీ ఏడాది దాకా బీరువాలోకి.

ఆ ఏడాది పుట్టినరోజు శనివారం వచ్చింది. పార్కు కంచె అవతల, పాత చాకిరేవు షెడ్డులో బీరు కాచే జోసీ, ఆ రోజు కొత్తరకం సీసాలు రెండు పంపింది. లూషియస్ రెండూ తాగాడు, నాన్నని విన్నాడు, రికార్డుని ముద్దుపెట్టుకున్నాడు, కళ్ళజోడు లేకుండా అట్ట తొడిగాడు. ఏ అట్ట తొడిగాడో ఆయనకే తెలియాలి.

ఆదివారం ఆట మొదలైంది. మ్యూల్స్ ఫీల్డింగ్‌కి దిగారు. లూషియస్ ఎప్పటిలా పెట్టెలో మొదటి అట్టలోంచి రికార్డు తీసి పెట్టి, ముల్లు వాల్చి, జోసీ ఇచ్చిన గ్లాసు అందుకున్నాడు.

“ఇదేంటే తల్లీ, నోరు మండిపోతోంది!”

“కాల్చిన మిరపకాయ బీరు బాబాయ్! ఎలా ఉంది?” అంది జోసీ కిటికీ అవతల నుంచి, కళ్ళు మెరుస్తుండగా.

“బీరులో మిరపకాయలేంటి? రేపు వెల్లుల్లి కూడా వేస్తావా?”

ఈ గోలలో పాట మొదలు ఆయన చెవికెక్కనేలేదు. అంతలో లౌడుస్పీకర్లలో ట్రాంబోన్ మోగింది. లూషియస్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న! పార్కు మధ్యలో, మూడొందల మంది ముందు, నాన్న! చెయ్యి చాచాడు గానీ పాట మధ్యలో ముల్లు లాగితే గీత పడుతుంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తడబడే చోటు వచ్చింది. “ఖళ్ళ్!” అని దగ్గాడు. పాట అయిపోగానే రికార్డు తీసి చొక్కాలోపల దాచుకున్నాడు.

“ఏంట్రా ఆ దొంగ చూపులు?” అన్నాడు క్లెమ్. పేటలో మంగలి షాపు ఆయనదే. ఆదివారం వచ్చి, అదే గదిలో కూర్చుని, బయట గోడకున్న స్కోరుబోర్డు మీద అంకెల పలకలు తగిలిస్తాడు. చీలమండ వాచిందని ఎడమకాలి బూటు విప్పుకుని కూర్చున్నాడు.

“మా నాన్న రికార్డురా. పొరపాటున వచ్చేసింది.”

“మరి రూఫస్‌ని చూడు ముందు.”

మట్టిదిబ్బ మీద బంతి వేస్తున్నది రూఫస్ ఓడమ్. స్కూలు బస్సు డ్రైవరు, నలభై ఒకటో ఏడు. ఆ వేసవంతా వాడి బంతి ఎవరు పడితే వాళ్ళు చితగ్గొట్టారు. ఈ వారం కూడా అంతే అయితే వచ్చే వారం నుంచి బెంచీయేనని కోచ్ మొహాన చెప్పేశాడు. అలాంటి రూఫస్, ఆ రోజు ఎదురు ఆడుతున్న నది అవతలి గట్టు జట్టులో మొదటి ముగ్గురినీ బ్యాటు బంతికి తగలకుండా వెనక్కి పంపాడు! రెండో ఇన్నింగ్స్‌కి దిబ్బ ఎక్కుతూ, చెక్కగది వైపు తిరిగి, వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. అదే పాట మళ్ళీ వెయ్యమని.

లూషియస్ తల అడ్డంగా ఊపాడు. రూఫస్ రెండు చేతులూ జోడించాడు.

“సరే, ఈ ఒక్కసారికే,” అని గొణిగి, కొత్త ముల్లు బిగించాడు లూషియస్. మళ్ళీ ముగ్గురూ అవుట్. మూడోసారి వేశాడు. మళ్ళీ ముగ్గురూ అవుట్.

ఇక అయిపోయింది, పాట మార్చే వీల్లేదు. ఎందుకంటే, అవతలి జట్టుకి ఒక్క హిట్టయినా, అంటే బంతి కొట్టి బేస్ చేరే వీలైనా, ఇవ్వకుండా తొమ్మిది ఇన్నింగ్స్ బంతి వేస్తే దానికొక పేరుంది. ఆట ముగిసేదాకా ఆ పేరు ఎవరూ పలకరు. నేనూ ఇప్పుడు పలకను. పలికితే పోతుంది. పలకడమొక్కటేనా? ఎవరెక్కడ కూర్చుంటే అక్కడే కూర్చోవాలి, ఏది తాగుతుంటే అదే తాగాలి, ఏది జరుగుతుంటే అదే జరగాలి. ఇది మూఢనమ్మకమని నవ్వే పెద్దమనుషులున్నారు. వాళ్ళు కూడా అయిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి కాలు మీద కాలు తీయడం మానేశారు.

“బూటు వేసుకోరా, కంపు భరించలేకపోతున్నా,” అన్నాడు లూషియస్.

“వేసుకుంటానా! నాకేమన్నా పిచ్చా? మొదటి బంతికి కాలికి బూటు లేదు, చివరి బంతికీ ఉండదు. నువ్వు ఆ బీరు తాగు.”

“నా వల్ల కాదు.”

“ఇన్నింగ్స్‌కో గుక్క తాగుతూ వచ్చావు. ఇప్పుడు మానేస్తే పేటంతా నిన్ను తారు పూసి ఊరేగిస్తుంది. తాగు!”

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా తాగాడు. గ్లాసు ఖాళీ కాకముందే జోసీ నింపుతోంది. తన బీరు ఇంత ఆనందంగా తాగేవాళ్ళని చూడలేదంది గడుగ్గాయి.

కానీ లూషియస్ మనసు బీరు మీద లేదు. నాలుగోసారి వేసినప్పుడు రికార్డులోంచి ‘టిక్’ అని వినిపించింది. అంచున ఉన్న పగులు పాటలోకి పాకింది. అయిదోసారి టిక్, టిక్. ఆరోసారికి ట్రాంబోన్ దాకా వచ్చేసింది. ప్రతి టిక్కూ ఆయన గుండెలోనే కొట్టుకుంటోంది. నలభై ఏళ్ళు గాజుబొమ్మలా దాచుకున్నది కళ్ళముందే పోతోంది. పెట్టెలో ఇంకా పందొమ్మిది రికార్డులున్నాయి. ఒక్క మాట, “ఇక చాలు” అంటే చాలు, నాన్న దక్కుతాడు. అటు చూస్తే రూఫస్. తోటివాళ్ళంతా ఎక్కడ ఆ పేరు నోరు జారుతుందోనని దూరంగా జరిగి కూర్చుంటే, బెంచీ చివర ఒంటరిగా, చెమటతో ముద్దయి, పాట కోసం ఇటే చూస్తున్నాడు.

“ఒరేయ్ లూషియస్,” అన్నాడు క్లెమ్, ఈసారి వేళాకోళం లేకుండా. “ఆపేస్తానంటే ఆపేయ్. నేను వాళ్ళకి చెప్తాను. అది మీ నాన్న.”

లూషియస్ రికార్డు మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు. “మా నాన్నకి జీవితంలో ఇంతమంది శ్రోతలు ఎప్పుడూ లేర్రా,” అని, ఏడో ముల్లు బిగించాడు. తరువాత ఎనిమిదోది. ఎనిమిదోసారి పాట టిక్కుల మధ్య కుంటుకుంటూ నడిచింది. అయినా జనం పాదాలతో తాళం వేశారు. ఆ తడబడే చోట లూషియస్ దగ్గాడు. జనం మాత్రం ఎందుకో అక్కడే “హో!” అన్నారు.

మ్యూల్స్ మూడు పరుగుల ఆధిక్యంలో ఉన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్. లూషియస్ రికార్డుని పళ్ళెం మీదికి ఎత్తబోయాడు. చేతిలోనే, ఏ మాత్రం చప్పుడు లేకుండా, రెండు ముక్కలైంది.

పాట రావలసిన వేళకి రాలేదు. మైదానం నిశ్శబ్దమైపోయింది. రూఫస్ దిబ్బ మీద నిలబడి, బంతి పట్టుకుని, గది వైపు చూస్తున్నాడు. అంపైరు కూడా అటే చూస్తున్నాడు. లూషియస్ రెండు ముక్కలనీ చొక్కా లోపల పెట్టుకున్నాడు. మైకు దగ్గరికి వంగి, పెదాలు బిగించి, “పా… ప పా… పబ పా…” అని అందుకున్నాడు.

నోటితోనే ట్రాంబోన్! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన పాట. మూడొందల మందీ ఒక్క పెట్టున అందుకున్నారు. ఎనిమిదిసార్లు విన్నారు మరి, ఎందుకు రాదు? ముసలమ్మలు చేతులూపుతున్నారు. జోసీ పీపా మీద దరువేస్తోంది. పాట పై స్వరానికి ఎక్కసాగింది. లూషియస్‌కి నాన్న గుర్తొచ్చాడు. ఇంకొక్కసారి అవకాశమొస్తేనా అన్న మాట గుర్తొచ్చింది. ఇదిగో నాన్నా, వచ్చింది. గుండెల నిండా ఊపిరి పీల్చి, ఆ స్వరాన్ని చీలకుండా, జారకుండా, తిన్నగా, నిండుగా పాడేశాడు. జనమంతా మాత్రం అక్కడ తడబడ్డారు, అచ్చం రికార్డులో ఉన్నట్టే, నవ్వుతూ.

రూఫస్ మొదటివాణ్ణి అవుట్ చేశాడు. రెండోవాణ్ణీ చేశాడు. మూడోవాడొక బక్కపలచటి మనిషి. బ్యాటు అంచుకి తగిలిన బంతి అటు పరిగెత్తినవాడికీ ఇటు పరిగెత్తినవాడికీ అందకుండా, మధ్యలో గడ్డి మీద మెత్తగా పడింది. హిట్.

“అయ్యో!” అన్నారు మూడొందల మందీ. మరుక్షణం క్లెమ్, ఇక ఆ పేరు పలికినా పోయేదేం లేదని, లేచి బూటు తొడుక్కుంటూ, “నో-హిట్టర్! నో-హిట్టర్! నో-హిట్టర్! అబ్బ, తొమ్మిది ఇన్నింగ్స్ నుంచీ నాలిక దురదపెట్టి చచ్చిపోయానురా నాయనా!” అని అరిచాడు. ఆ మాటతో పార్కంతా పగలబడి నవ్వింది. దిబ్బ మీద రూఫస్ కూడా నవ్వాడు. టోపీ సర్దుకుని, తరువాతివాణ్ణి మూడు బంతుల్లో పంపేశాడు. మ్యూల్స్ గెలిచారు. కోచ్ వచ్చి రూఫస్‌ని కావలించుకుని నేలమీంచి ఎత్తాడు. బెంచీ మాట ఇక ఎత్తితే ఒట్టు.

లూషియస్ గదిలోంచి బయటికి రాగానే జనం చుట్టుముట్టారు.

“నీ వల్లే పోయింది!”

“పాట మార్చింది నువ్వే!”

“అవును బాబాయ్,” అంది జోసీ, నడుం మీద చెయ్యేసుకుని. “అంతా బాగానే పాడావు గానీ, ఆ చోట అలా కాదుగా. అక్కడ కాలు జారాలి. నువ్వు తిన్నగా వెళ్ళిపోయావేం?”

“అది తప్పమ్మా. మా నాన్న చేసిన తప్పు. సరిచేశాను.”

“తప్పా!” జోసీ నోరెళ్ళబెట్టింది. “ప్రతి ఇన్నింగ్స్‌లో నేను దానికోసమే కాచుకుని కూర్చున్నాను. గుర్రం తూలి పడబోయి నిలదొక్కుకున్నట్టు, ఎంత ముద్దుగా ఉందని! కావాలని చేశాడనుకున్నాం కదా అందరం.”

లూషియస్ చొక్కా లోపల రెండు ముక్కలూ చల్లగా తగులుతున్నాయి. మిరపకాయ బీరు కడుపులో మండుతోంది. దుఃఖంగా ఉందా అంటే ఉంది. కానీ దానికి రెట్టింపు సంతోషంగానూ ఉంది. అది ఎక్కడినుంచి ఊరుతోందో ఆయనకే అంతుచిక్కలేదు.

పెట్టె ఎత్తుకుని గేటు వైపు నడిచాడు. కుళాయి దగ్గర రూఫస్ ఒంగుని మోచేతుల దుమ్ము కడుక్కుంటూ, లోకం పట్టనట్టు ఈల వేసుకుంటున్నాడు. అదే పాట. అవతల కారులోకి ఎక్కుతున్న అవతలి గట్టు వాళ్ళెవరో కూడా దాన్ని అందుకున్నారు. నాన్న నోటి ఊపిరి, రికార్డు లేకుండా, ముల్లు లేకుండా, పరాయివాళ్ళ పెదాల మీద నడిచిపోతోంది. లూషియస్ పెట్టె కింద పెట్టి, తానూ ఈల కలిపాడు. పై స్వరం దగ్గర పడింది. అలవాటు ప్రకారం దగ్గు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఆ చోట వాళ్ళందరితో పాటు ఆయనా తడబడ్డాడు.