రజియా అక్క మళ్లీ బడిలో వండింది

నేను దవాఖానలో సోషల్ వర్కర్‌ని. వర్ధన్నపేట దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే రజియా అక్కకు టీబీ వస్తే పనిలోంచి తీసేశారు. మందులు పూర్తిగా వాడి, జబ్బు నయమైనా రానివ్వలేదు. ఈ రోజు డాక్టర్ రిపోర్టు పట్టుకుని ఆమెతో పాటు బడికి వెళ్లి, పిల్లల తల్లులతో మాట్లాడాను.

"మా పిల్లలకు అంటుకుంటే ఎవలు జవాబు చెప్తరు మేడం?" అని ఒకామె నిలదీసింది.

నేను రిపోర్టు తీసేలోపే రజియా అక్క ముందుకొచ్చింది. "నా బిడ్డ గూడ గీ బువ్వనే తింటది చెల్లె. దానికి జబ్బు రావాల్నని కోరుకుంటనా?"

నిలదీసినామె పక్కకు జరిగి దారి ఇచ్చింది. తర్వాత, "జర జల్ది పొయ్యి ముట్టియ్యి అక్కా, పిల్లలకు ఆకలైతాంది" అంది.

గెలిచాం! పిల్లలతో కూర్చుని నేనూ తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఈ రోజు ఆ మాట చెప్పడానికి మీకైనా నోరొచ్చేదా?