పెన్సిల్‌తో రాసిన పేరు

మా డాక్టరు గారు పోయారన్న కబురు అందేసరికి నా చెయ్యి మోచేతి దాకా మిరపకాయల బస్తాలో ఉంది. గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఇరవై రెండేళ్ళుగా కాయ చూసే పని నాది. ఫోన్ చేసింది నేను నెలనెలా మాత్రలు కొనే మందుల షాపు ఆయన. "పొద్దున్నే పోయారండీ. నిద్రలోనేనట" అన్నాడు. నేను అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ! ఘాటుకి ఏడుస్తున్నానో, మనిషి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. చుట్టూ యాభై మంది ఉన్నారు, ఏమైందని ఒక్కరూ అడగలేదు. మా దగ్గర కళ్ళు ఎర్రబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోరు.

ఇది జరిగి ఐదు రోజులైంది. ఐదు రోజులుగా నాకు సరైన నిద్ర లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. ఆయన పోయారన్న దిగులా ఇది? మార్చి నెల, మిరప సీజన్ ముమ్మరంగా ఉంది కాబట్టా? లేక నా పాత జబ్బు మళ్ళీ గుమ్మం ఎక్కిందా? ఈ మూడింటిలో ఏది పట్టినా మనిషికి నిద్ర ఉండదు. ఇది ఫలానా అని విడదీసి చెప్పగలిగిన ఆయనేమో వెళ్ళిపోయారు. నాకు ఏడుపుతో పాటు ఆయన మీద కోపం కూడా వస్తోంది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

తొమ్మిదేళ్ళ కిందట, ఆగస్టులో, మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. వెళ్ళలేదు, తీసుకెళ్ళారు. అప్పటికి నెల రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను. స్నానం లేదు, మాట లేదు. "పని లేని రోజుల్లో మా ఆయనకి బద్ధకం" అని మా ఆవిడ మొదట్లో విసుక్కుంది. అన్నం కూడా మానేసేసరికి భయపడి నల్లపాడులో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు బండి మీద వచ్చి, "బావా, నరాల డాక్టరు దగ్గరికి పోదాం పద" అన్నాడు. మనవాళ్ళందరూ అలాగే అంటారు కదా. ఆయన బోర్డు మీద మాత్రం 'మానసిక వ్యాధుల వైద్యులు' అని గజమెత్తు అక్షరాలున్నాయి. నేను తువ్వాలు తల మీద కప్పుకుని లోపలికి దూరాను.

సన్నటి మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా. వడ్రంగి మేస్త్రీలా చెవి మీద పెన్సిలు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆకలి గురించి అడిగినంత మామూలుగా అడిగారు. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు అప్పటిదాకా. "అనిపిస్తోందండీ" అని బావురుమన్నాను. ఆయన తొందరపడలేదు, నా ఏడుపు అయ్యేదాకా కూర్చున్నారు. తర్వాత నిద్ర, తిండి, పని, అన్నీ అడిగి పెన్నుతో రాసుకున్నారు.

"మిగతా ఏడాదంతా ఎలా ఉంటావయ్యా?"

"సీజన్‌లో నాకు తిరుగు లేదండీ. నిద్ర కూడా పోను. సీజన్ కదండీ!"

"అవును, సీజన్ కదా" అని ఆయన తలూపారు. ఆయనా గుంటూరు మనిషే. వాళ్ళ నాన్న మిరప తోట వేసినవాడే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఊళ్ళో సగం మంది నిద్రపోరు, గొంతు చించుకుని అరుస్తారు, నాలుగు పనులు ఒకేసారి నెత్తికెత్తుకుంటారు. దానికి మేం పెట్టుకున్న పేరు సీజన్. ఆ మాట దగ్గరే ఇద్దరం దెబ్బతిన్నాం.

కాగితం మీద జబ్బు పేరు రాయాల్సిన గడిలో ఆయన చెవి మీది పెన్సిలు తీసి 'డిప్రెషన్' అని రాశారు. మాత్రలు ఇచ్చారు. నేను లేచాను. లేచి ఆగలేదు, అదే వచ్చిన చిక్కు! అక్టోబరులో, సీజన్ కాని సీజన్‌లో, రోజుకి రెండు గంటలు పడుకుని ఊరంతా తిరగడం మొదలెట్టాను. ఒకరోజు ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి కనిగిరి వెళ్ళి, కోట కొండెక్కి, అక్కడ మేకలు మేపుకునేవాళ్ళకి మిరప సాగు గురించి మధ్యాహ్నం దాకా ఉపన్యాసం ఇచ్చాను. ఒక ముసలాయన పాపం మజ్జిగ తాగించి, మా బావమరిది వచ్చేదాకా నన్ను కూర్చోబెట్టాడు.

"మీ మందు అమృతమండీ!" అని డాక్టరు గారి గదిలో బల్ల గుద్ది అరిచాను. ఆయన రబ్బరు తీసి మొదటి పేరు చెరిపి 'బైపోలార్' అని రాశారు. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "మొన్నొక పేరు, ఇవాళొక పేరు. ఇంతకీ మా ఆయనకి ఏమైందండీ?"

"కిందకి దిగిపోవడం ఒక్కటే అనుకున్నానమ్మా. పైకెక్కడం కూడా ఉంది. రెండూ కలిసి ఒకటే జబ్బు. దీనికి మందు వేరు" అన్నారు ఆయన.

నాకు కుదురొచ్చాక వెళ్ళి దులిపేశాను. "మేం కాయ పట్టుకోగానే రకం చెప్తామండీ. మీరు జబ్బుల పేర్లున్న ఇంత లావు పుస్తకం చదివి మూడు నెలల్లో పేరు మార్చారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!" ఇంకొకరైతే బయటికి పొమ్మనేవారు. ఆయన పగలబడి నవ్వి, "అయితే నీ పనేదో నాకు చూపించు" అన్నారు.

నిజంగానే వచ్చారండీ, ఆ ఫిబ్రవరిలో, ముక్కుకి రుమాలు కట్టుకుని! గేటు నుంచి మా కొట్టు దాకా తుమ్ముతూనే ఉన్నారు. హమాలీలు దారి ఇచ్చి ముసిముసిగా నవ్వారు. నేను ఒక బస్తా విప్పి చూపించాను. పైన ఎప్పుడూ మంచి కాయే ఉంటుందండీ, దాన్ని నమ్మకూడదు, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీయాలి అన్నాను. రంగు చూడాలి, తొడిమ చూడాలి, చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వినాలి. ఎరుపు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారండీ అని ఒకటి చేతిలో పెట్టాను.

"ఒక తాలు కాయ కనబడితే బస్తా అంతా తాలేనా?"

"భలేవారే! ఒక్క కాయతో ఏం తెలుస్తుందండీ? గుప్పెట్లో ఎన్ని ఉన్నాయో చూడాలి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా లావు పుస్తకం కూడా అంతేనయ్యా. నిద్ర పట్టలేదనో, దిగులుగా ఉందనో ఒక్కదానికి పేరు పెట్టం. ఏవేవి కలిసి వచ్చాయి, ఎన్నాళ్ళున్నాయి, మనిషి పని ఎంత చెడింది, ఇవన్నీ చూసి పెడతాం. చెయ్యి కోసి చూస్తే కనపడేది కాదు కదా." అంతలో నవ్వు ఆపారు. "నీ బస్తాలో నేను పైకాయే చూశాను. నువ్వు సీజన్ అన్నావు, నేనూ ఈ ఊరివాణ్ణే కాబట్టి తలూపాను. వేరే ఊరివాడైతే, సీజన్ అంటే ఏంటి, ఎన్ని గంటలు పడుకుంటావు అని అడిగుండేవాడు. తప్పు నాదేనయ్యా."

అంత పెద్దాయన, హమాలీల మధ్య నిలబడి, ముక్కు కారుతుండగా తప్పు నాదే అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఏం చెప్తే అదే నాకు వేదం.

ఆయన నాకిచ్చిన మాత్రని 'ఉప్పు మాత్ర' అనేవారు. అదీ ఒక రకం ఉప్పేనట. "ఎండలో తిరిగే మనిషివి, మంచినీళ్ళు మర్చిపోకు" అని ప్రతిసారీ చిలక్కి చెప్పినట్టు చెప్పేవారు. రక్త పరీక్ష ఎగ్గొడితే మా ఆవిడకి ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్పేవారు. నా మాట నన్నడిగి, తర్వాత నన్ను బయటికి పంపి అదే మాట మా ఆవిడని అడిగేవారు. ఏమండీ నా మీద నమ్మకం లేదా అంటే, "గుప్పెడు రెండు చోట్ల నుంచి తీయాలి కదయ్యా" అని నా విద్య నాకే అప్పజెప్పేవారు.

ఒకసారి విసుగొచ్చి, "ఎన్ని పేర్లు పెట్టినా నాది పిచ్చే కదండీ" అన్నాను.

"ఏ పిచ్చి? సినిమా పిచ్చా, తిండి పిచ్చా? పిల్లల మీద పిచ్చి ప్రేమా? ఆ ఒక్క గోతంలో ఎన్ని కుక్కుతార్రా నాయనా! ఆ మాట మీద నేను ఒక్క మాత్ర కూడా రాయలేను" అని కసిరారు. ఆయన నన్ను రా అన్నది ఆ ఒక్కసారే. ఆ లావు పుస్తకాన్ని కూడా నెత్తిన పెట్టుకోలేదు. "నేను చదువుకున్నప్పుడు జబ్బని రాసి ఉన్నవి కొన్ని ఇప్పుడు అందులో లేవు. ఆ మనుషులు అప్పుడూ బాగానే ఉన్నారు. మేమే ఆలస్యంగా తెలుసుకున్నాం" అనేవారు. అందుకేనేమో, ఆ గడిలో చివరిదాకా పెన్సిలే వాడారు.

జనవరిలో వెళ్ళినప్పుడు ఆయన కుర్చీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు, చొక్కా ఒంటి మీద వదులై వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నా పాత కాగితాలు తేవడానికి లోపలికి వెళ్ళగానే, "ఈవిడది ఏ ఊరండీ?" అన్నాను.

"అనంతపురం వైపు. సీజన్ అంటే ఏంటో కూడా తెలియదు పాపం" అని నవ్వారు. నేను ఇంకా గొణిగాను. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. పెద్దాయనకి మతి తప్పుతోందనుకున్నాను, చూశారా నా తెలివి!

పైదంతా మొన్న రాశాను. నిన్న పొద్దున మా ఆవిడ చీర మార్చుకుని వచ్చి నా ముందు చెప్పులు పెట్టింది. "పదండి, ఆ డాక్టరమ్మ దగ్గరికి" అంది. ఆయన లేని గదిలోకి రాను అన్నాను. "ఆయన లేరనే కదండీ రమ్మంటున్నాను! మళ్ళీ కనిగిరి కొండెక్కితే దింపడానికి నాకు ఓపిక లేదు" అని ఏడ్చింది. వెళ్ళాను.

డాక్టరమ్మ పెన్ను తీసింది. నిద్ర గురించి అడిగింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, నా నోరు ఊరుకుంటుందా? "సీజన్ కదండీ, నిద్ర ఉండదు" అన్నాను.

ఆవిడ తలూపలేదు. పెన్ను పక్కన పెట్టింది.

"సీజన్ అంటే ఏమి సార్? అప్పుడు ఎన్ని గంటలు పడుకుంటారు?"

ఆ స్టూలు వైపు చూశాను, ఖాళీగా ఉంది. మా ఆవిడే చెప్పింది, నిన్న మూడు గంటలు, మొన్న నాలుగు, అన్నం తింటున్నారు, మాట మామూలుగానే ఉంది, కూర్చోలేకపోతున్నారు, ఆయన పేరెత్తితే ఏడుస్తున్నారు అని. డాక్టరమ్మ అంతా విని, "దిగులు కావచ్చు, జబ్బు మళ్ళీ మొదలవుతూ ఉండొచ్చు. ఇప్పుడే చెప్పలేను సార్. మాత్రలు మానొద్దు. రక్త పరీక్ష చేయించి ఎల్లుండి ఇద్దరూ రండి" అంది. నేను ఆరు రోజులుగా కొట్టుకుంటున్నదీ అదే కదా, ఇది దిగులా, జబ్బా అని. తెలియదని ఒకరు పైకి చెప్పేసరికి నా కాలు ఊగడం ఆగింది.

ఆవిడ మిగతాదంతా పెన్నుతో రాసి, జబ్బు పేరు గడి దగ్గర ఆగింది. సొరుగు లాగి వెతికింది. బెత్తెడు కూడా లేని ఆయన పెన్సిలు ముక్క తీసింది, చివర పంటి గాట్లున్నాయి. నా జబ్బు పేరున్న ఆ కాగితం తొమ్మిదేళ్ళ కిందటిది. ఆయన రబ్బరు పెట్టి రుద్దిన చోట పలచబడి, బల్ల రంగు కనిపిస్తోంది. ఉన్న పేరుని అలాగే ఉంచి, కాగితం చిరగకుండా, దాని పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది.